పడక పట్నంలో, ఓటు ఊళ్లో

చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో పొద్దున్నే ముందుగా నిద్రలేచేవి ఇడ్లీ బండ్లు. తర్వాత హాస్టళ్లు. ఇళ్లు లేవడం ఆ తర్వాతే. ఇళ్లు లేచేదాకా జిరాక్సు షాపు అరుగు మీద కూర్చుని, ఆ తర్వాత లేచి, అంబిక గోవర్ధన్ గారి గేటు గొళ్లెం తీసింది. భుజాన గుడ్డ సంచి, మెడలో బూత్ లెవెల్ ఆఫీసర్ అని రాసిన కార్డు. డిగ్రీ చదివి అంగన్‌వాడీ టీచరైన అంబికకు ఈ మధ్య రెండో కొలువు ఇది. పొద్దున ఓటర్ల ఇళ్లు, మధ్యాహ్నం పిల్లల అన్నాలు, సాయంత్రం మళ్లీ ఓటర్ల ఇళ్లు. జాబితా సవరణ పూర్తయ్యేదాకా ఇంతే.

"రామ్మా రా. మీ లిస్టుల మేం బతికే ఉన్నమా?" అన్నారు గోవర్ధన్ గారు, వరండాలో పేపరు మడుస్తూ.

"నిక్షేపంగ ఉన్నరంకుల్. మీరూ ఉన్నరు, ఆంటీ ఉన్నరు."

"సంజన?"

అంబిక సంచిలో కాగితాలు సవరించుకుంది. సంజన వాళ్ల కూతురు. పెళ్లయి విద్యానగర్‌లో ఉంటోంది. "అక్కకు అక్కడ రాసిన్రంకుల్. రెండు చోట్ల ఉండొద్దు. ఈడ తీసేయాలె."

లోపల్నుంచి జయశ్రీ గారు చాయ్ కప్పుతో వచ్చారు. "తియ్యకపోతె ఏమైతదమ్మా? విద్యానగర్ ఏమన్న దూరమా, నడిచినా వస్తది. ఓట్లనాడు ముగ్గురం కల్సి పోతుంటిమి. ఆ రోజు తప్పకుండ వచ్చేది."

"జయా, ఆ పిల్లను పరేషాన్ చెయ్యకు. రూలు రూలే," అన్నారు గోవర్ధన్ గారు. కానీ చాయ్ తాగుతున్నంతసేపూ ఆయన మనసు రూలు మీద లేదు. ఎదురుగా ఉన్న నాలుగంతస్తుల హాస్టలు వైపు చూస్తూ చెప్పుకొచ్చారు. "అది మా పెద్దనాయిన వాళ్ల ఇల్లు ఉండె. పక్కది మరాఠీ మాస్టారిది. ఓట్లనాడు పొద్దుగాల మా అమ్మ పట్టుచీర కట్టేది, పెండ్లికి కట్టినట్టు. సందుల ఆడోళ్లంత గుంపుగ నారాయణగూడ స్కూలు దాక నడిచేటోళ్లు. లైన్ల నిలబడి మామిడికాయ తొక్కుల ముచ్చట్లు. ఇంటికొచ్చినంక ఎవల వేలి మీద సిరా నల్లగ పడ్డదో చూసుకునుడు. నా బూత్‌ల నాకు తెల్వని మనిషి ఉండకపోతుండె. ఇప్పుడు సందు నిండ జనమే. ఓట్లనాడు మాత్రం నేనూ మా ఆవిడా, ఆ ఇస్త్రీ అతను."

అంబిక నవ్వి, సంజన పేరు పక్కన నిబంధన ప్రకారం రాయవలసింది రాసింది. రాస్తున్నప్పుడు జయశ్రీ గారు ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఎదుటి హాస్టలు మెట్ల మీద పిల్లలు టూత్ బ్రష్షులు నోట్లో పెట్టుకునే కరెంట్ అఫైర్స్ వల్లె వేస్తున్నారు. జగిత్యాల నుంచి వచ్చిన నవీన్ అనే అబ్బాయి అంబికను చూడగానే చేతులు జోడించాడు. "మేడం, మళ్లొచ్చిన్రా? మా ఓటు ఊర్లనే మేడం. ఈడ రాసుకున్ననంటె మా నాయిన ఇంట్లకు రానియ్యడు."

"ఎన్నేండ్లాయె ఈడికొచ్చి?"

"గ్రూప్ టూ రెండుసార్లు రాసిన, గ్రూప్ వన్ ఒకసారి పోయింది. దాంతోని లెక్క పెట్టుకోండ్రి," అన్నాడు. మెట్ల మీద అందరూ నవ్వారు. "పోస్టింగ్ రానియ్యండ్రి మేడం. ఏ ఊర్లయితె ఆ ఊర్ల రాయించుకుంట."

ఓట్ల పని సూపర్‌వైజర్ రమాకాంత్ సారు మధ్యాహ్నం అంగన్‌వాడీ కేంద్రానికే వచ్చాడు. పిల్లల చిన్న కుర్చీలో ఒదగలేక కిటికీ గట్టు మీద కూర్చుని కాగితాలు తిరగేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. పైనుంచి ఫోన్లొచ్చినప్పుడు మాత్రం గొంతు మారుతుంది.

"అంబికా, నీ బూత్ లెక్క పైన ఎవలకూ మింగుడు పడ్తలేదు. జనాభాకు, ఓటర్లకు ఒక పొంతన ఉంటది. పసిపిల్లలెక్కువున్న బస్తీల ఓట్లు తక్కువుంటయి, అది వేరే సంగతి. నీ దగ్గర అందరూ పెద్దోళ్లే ఉండవట్టిరి. ఓట్లు యాడికి పోయినయ్?"

"ఊర్లకు పోయినయ్ సార్."

"ఆ, గదే. అక్కడేమో ఊర్ల ఉన్న మనుషుల కన్న ఓట్లు ఎక్కువ కనవడ్తున్నయంట. పాలమూరు దిక్కు కొన్ని ఊర్లల్ల తాళమేసిన ఇంటికి గూడ నాలుగు ఓట్లు. అందుకే అక్కడ గట్టిగ తీస్తున్నరు. నువ్వు ఈడ గట్టిగ ఎక్కియ్యాలె. ఆదివారం క్యాంపు ఆఖరు. ఆ తర్వాత నన్ను అడిగితె నేనేం చెయ్యలేను."

తమ ఊరున్న పాలమూరు పేరు వినగానే అంబిక చేతిలో గుడ్డు పెంకు వలవడం ఆగింది. మళ్లీ వలవసాగింది. ఎదురుగా చిన్న పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది.

*

అశోక్‌నగర్ చివర, నాలా పక్క బస్తీలో అంబిక వాళ్లవి రెండర్రలు. ఇంటి ఓనరు జైపాల్ పైన ఉంటాడు. ఆమె నాయిన కృష్ణయ్య మేస్త్రి పని నుంచి వచ్చి వాకిట్లో తాపీ కడుగుతున్నాడు. ఎంత అలసిపోయి వచ్చినా ముందు తాపీ కడగాలి, తర్వాతే కాళ్లు. సిమెంటు ఎండితే ఇనుము చస్తుందంటాడు. పీచుతో రుద్ది, వెనక్కి తిప్పి రుద్ది, బొటనవేలితో అంచు చూసి, రసమట్టం పక్కన గోడకు ఆనించాడు. లైబ్రరీ వెనక సందులో ఇవాళ హాస్టళ్లయిన మేడల్లో మూడింటికి గోడలు లేపింది ఆయనే.

లోపల అమ్మ కురుమమ్మ జొన్నరొట్టె చరుస్తోంది. ఆమె చరిచే చప్పుడు వింటే ఆకలి లేనివాడికి కూడా ఆకలవుతుంది.

ఫోను మోగింది. ఊళ్లో వాళ్ల గోడ పక్క ఇంటి మొగిలయ్య. కృష్ణయ్య చేతులు తడిగా ఉన్నాయని అంబిక ఫోను స్పీకరు పెట్టి పట్టుకుంది.

"కిట్టయ్యా! పంచాతి ఆఫీసు కాడ పేర్లు అతికిచ్చిన్రు. నీది లేదు. కురుమమ్మది లేదు."

"సక్కగ సూడు మొగులన్నా. అద్దాలు పెట్టుకున్నవా లేదా?"

"నా అద్దాలకేమైంది? సెక్రటరీతోని సదివిచ్చిన. నీ ఇంటి నెంబరు కాడ ఖాళీగుంది."

కృష్ణయ్య తడి చేయి బనీనుకు తుడుచుకున్నాడు. "ఎవడు తీసిండు?"

"ఎవడు తీస్తడు? సారొచ్చి అడిగిండు గద ఇల్లిల్లు. కృష్ణయ్య యాడ అన్నడు. నేనే జెప్పిన."

"ఏం జెప్పినవ్?"

"మంచిగనే జెప్పిన! పరువు తీస్తనా నీది? పట్నంల పెద్ద మేస్త్రి, బిడ్డకు సర్కారు కొలువు, సొంత ఇల్లు గూడ కట్టిండు, ఆయనకేం తక్కువ అని జెప్పిన."

"సొంతిల్లా? కిరాయి అర్రల ఉండవడితి గదనే!"

"అది ఆ సారుకేమెరుక? మా గోడ పక్కనోడు ఇరవై అయిదేండ్ల సంది పట్నంల కిరాయికుంటున్నడని నా నోటితోని నేను జెప్పాల్నా? నా ఇజ్జతేముంటది?"

కురుమమ్మ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కృష్ణయ్యకు కోపం తెచ్చుకోవాలో వద్దో తెలియలేదు. ఊళ్లో ఎవరూ ఆయన మీద చాడీ చెప్పలేదు. గొప్ప చేసి, ఎత్తి చెప్పారు. అంత ఎత్తి చెప్పబట్టే పేరు ఎగిరిపోయింది.

"మరేం జేద్దామంటవ్?"

"జర వొచ్చి పో. మళ్లొచ్చి చూస్తమన్నరు. ఈడనే ఉంటున్న అని నువ్వొక మాటంటె, నేను ఔనంట. అయిపాయె."

కృష్ణయ్య ఫోను పెట్టేయమని సైగ చేశాడు. పెనం మీద రొట్టె మాడిన వాసన వస్తే కురుమమ్మ లోపలికి పరిగెత్తింది.

అంబిక గోడకానుకుని కూర్చుంది. ఈ బస్తీ కూడా తన బూత్ కిందికే వస్తుంది. ఈ ఇల్లు రాసుకున్నది తనే. అంగన్‌వాడీ ఉద్యోగానికి స్థానికురాలై ఉండాలంటే తన ఓటు ఇక్కడికి మార్చుకుంది. అప్పుడే నాయిన "నువ్వు పట్నపోల్లల్ల కల్సినవ్ పో" అని రెండు రోజులు ఎగతాళి చేశాడు. కాగితం పట్టుకుని ఆయన దగ్గర కూర్చుంటే, "మమ్ముల రాయకు బిడ్డా. మేం పోయెటోళ్లం," అన్నాడు. పోయేవాళ్లం అనే మాట ఆమె పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. ఈ స్లాబు అయిపోతే పోతాం, నీ పది అయిపోతే పోతాం, నీ డిగ్రీ అయిపోతే పోతాం.

అసలు ఊరికి పోవడమంటే తమకు ఓట్లకు పోవడమే. పండుగకు పని దొరుకుతుంది, కూలీ రెట్టింపు, పోరు. పెళ్లిళ్లకు ఒకరు పోతే ఒకరు పోరు. ఓట్లకు మాత్రం బస్తీ బస్తీ కదిలేది. ముందు రోజు సాయంత్రం నారాయణగూడ ఫ్లైఓవర్ కింద డీసీఎం లారీ వచ్చి ఆగేది. మగవాళ్లు అంచుల మీద, ఆడవాళ్లు నడుమ, పిల్లలు ఎవరి ఒళ్లో పడితే వాళ్ల ఒళ్లో. ఏ ఒడిలో నిద్రపోయినా ఊళ్లోనే లేచేది అంబిక. పూనా నుంచి, బొంబాయి నుంచి, మేడ్చల్ నుంచి అందరూ ఆ రాత్రికే దిగేవాళ్లు. తాళాలు తీసిన ఇళ్లన్నిట్లో ఒకేసారి పొయ్యిలు రాజుకునేవి. ఎన్నడూ చూడని పిల్లలు నీ మేనమామ కొడుకునంటూ వచ్చి చేయి పట్టి గుంజేవారు. నాయిన బడి ముందు లైన్లో నిలబడితే ముందువాడు, వెనకవాడు భుజాల మీద చేతులేసేవారు. పట్నంలో ఆయన భుజం మీద అట్లా ఎవరూ చేయి వేయరు. మర్నాటికి డీసీఎంలు వెళ్లిపోయేవి, తలుపులకు మళ్లీ తాళాలు పడేవి. కానీ ఆ ఒక్కరోజు ఊరు ఊరంత ఉండేది.

"రేపు పోతున్న," అన్నాడు కృష్ణయ్య రొట్టె తుంచుతూ.

"మేస్త్రి రాలేదని సేటు వేరేటోన్ని పెట్టుకుంటె?" అంది కురుమమ్మ.

"పెట్టుకోనీ. పేరు పోతె మళ్ల యాడ దొరుకుతది?"

"నువ్వొక్కనివే పోతవా? నా పేరు గూడ పోయింది గద."

"నీది గూడ నేనే ఎక్కిచ్చుకొస్త తియ్యి."

ఆమె ఇంకో రొట్టె చరుస్తూ, "నన్నెవలూ అడగరు," అంది, రొట్టెతో అన్నట్టు.

*

కృష్ణయ్య పొద్దున్నే బస్సెక్కాడు. అంబిక ఆ రోజు నారాయణగూడ వైపు కడుతున్న అపార్ట్‌మెంటు దగ్గరికి వెళ్లింది. లోపల రేకుల గుడిసెల్లో ఏడెనిమిది కుటుంబాలున్నాయి. మొన్న వచ్చినప్పుడు ఇక్కడ ఒక్క పేరూ రాసుకోలేదు. గేటు దగ్గర ఇటుకలు తడుపుతున్న బుగ్గయ్య ఆమెను గుర్తుపట్టాడు.

"మళ్లొచ్చినవా అక్కా? చెప్తిమి గద. మాది ఆత్మకూరు దిక్కు."

"ఆత్మకూర్ల మీ పేర్లున్నయా, చూసుకున్నరా?"

"ఉండక యాడికి పోతయ్?"

అంబిక ఫోన్లో వాళ్ల పేర్లు ఒక్కొక్కటే వెతికింది. ఇటుకల మీద నీళ్లు పోస్తున్న చేతులు ఆగాయి. ఇద్దరివి ఉన్నాయి. మిగతావి లేవు. బుగ్గయ్య భార్య పేరుంది, బుగ్గయ్యది లేదు.

"దీనిదుండి నాది లేకపోవుడేంది?" అన్నాడు బుగ్గయ్య.

"అది కాన్పుకు పోయి ఊర్ల ఉండె గద ఆ రోజులల్ల," అన్నారెవరో. "నువ్వు రెండు కాన్పులకు గూడ పోకపోతివి. నీ పేరెందుకుంచుతరు?" గొల్లున నవ్వారు. నవ్వు తొందరగానే అయిపోయింది.

సాయంత్రం రమాకాంత్ సారుకు ఫోను చేసి సంగతి చెప్పింది. ఆయన విని, "నువ్వేం అడిగినవ్ వాళ్లను?" అన్నాడు.

"మీది ఏ ఊరని అడిగిన సార్."

అవతల ఆయన నవ్వాడు. "ఊరడిగితె ఊరే చెప్తడు. నన్నడుగు, నేను గూడ సిద్దిపేట అనే అంట. అంబర్‌పేట్ల ఇల్లు కట్టుకుని ఎన్నేండ్లాయె! రూలేం చెప్తది? మామూలుగ రాత్రిళ్లు యాడ పడుకుంటడో ఆడ రాయాలె. గది అడుగు."

అంబిక సంచిలోంచి తన కాగితాలు బయటికి తీసింది. పట్నంలో పాలమూరు మనిషిని చూడగానే అందరూ అడిగే మొదటి మాట అదే. మీదేవూరు. అడ్డా మీద మేస్త్రీలు అడుగుతారు, దవాఖానలో నర్సు అడుగుతుంది, బస్సులో పక్కవాడు అడుగుతాడు. అడిగితే సంతోషంగా చెబుతారు. తనను అడిగినా తను చెప్పేది ఆ పేరే. అందుకే ఆ ప్రశ్నలో తప్పేముందో ఇన్నాళ్లూ తోచలేదు. కాగితం మీద తను నమ్మకంగా రాసినవన్నీ నిజాలే. అక్కడ ఊళ్లో పేర్లు తీసిన సారు రాసినదీ నిజమే. రెండు నిజాల మధ్య మనుషులే లేకుండా పోయారు.

మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. గేటు లోపలికి వెళ్లి, ఇటుకల మీద కూర్చుని, "అన్నా, రాత్రిళ్లు యాడ పడుకుంటవ్?" అని అడిగింది. బుగ్గయ్య ఆమె వైపు అనుమానంగా చూశాడు. అట్లా ఎవరూ అడగలేదు. వెనక్కి తిరిగి రేకుల గుడిసెను చూపించాడు. ఇంకా చూపిస్తుండగానే ఆమె రాసుకుంది.

*

ఊరికి పోయిన కృష్ణయ్య రెండో రోజు సాయంత్రానికే వచ్చేశాడు. చేతిలో చిన్న మూట, పచ్చి పల్లికాయ. మూట కురుమమ్మకిచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. తాపీ కడిగేది లేదు కాబట్టి చేతులు ఏం చేయాలో తెలియనట్టు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఎక్కిచ్చుకున్నవా నాయినా?" అంది అంబిక.

"సారు మంచోడే. నీ వయసే ఉంటది. పెద్దనాయినా, ఈడ ఉంటున్ననని ఒక మాటను, మొగిలయ్య సాచ్చం, రాస్త అన్నడు."

"మరి?"

ఆయన ఒక పల్లికాయ ఒలిచి, గింజలు నోట్లో వేసుకోకుండా అరచేతిలోనే పెట్టుకున్నాడు.

"లక్ష్మవ్వ ఎదురైంది. మా నాయిన చిన్నమ్మ గద. నెత్తి మీద బిందె. యాడికెల్లి అవ్వా అంటె, దర్గా కాడి బోరు కాడికెల్లి అన్నది. గంత దూరం ఎందుకు, మన గల్లీల నల్లా ఉండె గద అన్న. ఆమె బిందె దించింది. దించి నా మొఖం సూసింది. కిట్టయ్యా, నల్లా బందయి ఎన్ని దినాలాయెనో నీకెరుక లేదా, నువ్వు ఈడనే ఉంటున్ననని రాయిస్తున్నవంట గద, అన్నది."

కురుమమ్మ ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు.

"తిట్టలేదు. తిడితె మంచిగుండేది. నా గదువ పట్టుకున్నది. పోయినసారి మీరంత డీసీఎంలల్ల వస్తిరి బిడ్డా, ఈడున్నోళ్లం సర్పంచుకు మేమొక మనిషిని అనుకుంటిమి, మీరొక మనిషిని అనుకుంటిరి, మీవాడే గెలిచె, అన్నది. నువ్వు ఓటేసి బస్సెక్కినవ్. వాడు మా నెత్తినుండె. నల్లా అడిగితె పట్నపోల్ల ఓట్లతోని గెలిచిన, మీకేం బాకీ లేనంటడు, అన్నది."

గింజలు ఆయన అరచేతిలో కదిలాయి. "నేను వానికెందుకేసిన బిడ్డా? యాది జేసుకున్న తొవ్వ పొంటి. మా నాయిన సచ్చిపోయిన్నాడు పాడె పట్టిండు, మంచి బండి పంపిచ్చిండు, అంతే. నల్లా సంగతి నాకేమెరుక? నేను నీళ్లు మోసేటోన్ని కాదు గద అక్కడ."

"సారు కాడికి పోలేదా మళ్ల?" అంది కురుమమ్మ.

"పోయిన. లైన్ల నిలవడ్డ. నా ముందల లక్ష్మవ్వ మనుమరాలుండె, కొత్త ఓటు. నా వంతొచ్చింది. ఆ పిలగాడు కలం పట్టుకుని సూస్తుండు. ఈడనే ఉంటున్న అనాలె. అంత చిన్న మాట. నోట్లకెల్లి రాలే." ఆయన తల ఎత్తాడు. "మొగులన్న వెనకకెల్లి పొడుస్తనే ఉన్నడు, అనూ అనూ అని. బిందె దించిన ముసల్ది కండ్లల్ల మెదిలింది. ఒస్త సారూ అని బయటికొచ్చిన."

కురుమమ్మ మూట విప్పి పల్లికాయను చేటలో పోసింది. చెయ్యి పెట్టి కలియబెట్టి మట్టి బెడ్డలు ఏరింది. మట్టిని పారేయకుండా చేట అంచుకు చేర్చింది.

"ఇంత మాట ఆ ముసల్ది జెప్పాల్నా," అంది. "నేను ఎన్నడో అన్న. యాడ నీళ్లకు కొట్లాడుతమో గాడ ఓటుండాలె అని. ఈ బస్తీల ట్యాంకరు కోసం కొట్లాడింది నేను. నువ్వు ఊర్ల సర్పంచును గెలిపిస్తివి. నా మాట ఎవడింటడు?"

"ఎప్పుడన్నవే?"

"నువ్వు తాపీ కడిగేటప్పుడు. నీకు గది కడుగుడు తప్ప ఇనవడ్తదా?"

అంబిక నవ్వాపుకోలేకపోయింది. కృష్ణయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే అరచేతిలో గింజలు నోట్లో వేసుకున్నాడు.

*

ఆదివారం నారాయణగూడ బడిలో క్యాంపు. పిల్లల బెంచీ ఒకటి వరండాలోకి లాగి అంబిక కూర్చుంది. పొద్దున హాస్టలు పిల్లలు ఇద్దరు వచ్చారు, నవీన్ రాలేదు. గోవర్ధన్ గారు చేతికర్రతో వచ్చి, తన పేరు ఉందని తెలిసినా ఇంకోసారి చూపించమని, చూసుకుని, అక్కడే కుర్చీలో కూర్చున్నారు. వచ్చేవాళ్లను చూస్తున్నారు.

పదకొండు దాటాక గేటులోంచి బస్తీ కదిలినట్టే వచ్చింది. ముందు బుగ్గయ్య, వెనక గుడిసెల వాళ్లు, ఆ వెనక నాలా పక్క వాళ్లు. మగవాళ్లు ఉతికిన చొక్కాలు వేసుకున్నారు. ఆడవాళ్లు గుంపుగా, ఏదో మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. వరండా అంతా ఒక్కసారిగా నిండింది.

"ఎవరమ్మా వీళ్లంత?" అన్నారు గోవర్ధన్ గారు.

"మన బూతోళ్లే అంకుల్," అంది అంబిక.

ఆయన ఒకరొకరినే చూస్తూ పోయి ఒక ముఖం దగ్గర ఆగారు. "నువ్వు మా పై పోర్షన్ కట్టిన మేస్త్రివి కదా?"

"ఔ సారూ."

"నీ ఓటు ఈడనే ఉందా ఇన్ని రోజులు?"

"లేదు సారూ. ఇప్పుడే," అన్నాడు కృష్ణయ్య. గోవర్ధన్ గారు కర్ర పక్కకు జరిపి, కుర్చీ కొంచెం వెనక్కి లాక్కుని దారిచ్చారు.

కృష్ణయ్య వంతు వచ్చింది. పక్కన కురుమమ్మ. అంబిక తల ఎత్తలేదు. ఎత్తితే అడగలేకపోయేది.

"పేరు?"

"నీకెరుక లేదా?" అన్నాడాయన. లైన్లో నవ్వులు.

"నాకెరుకే నాయినా. మీరు చెప్పాలె."

చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పినప్పుడు గొంతు కొంచెం ఊరి వైపు వెళ్లి వచ్చింది.

"రాత్రిళ్లు యాడ పడుకుంటరు?"

ఆయన బెంచీ అంచు బొటనవేలితో తడిమాడు. వెనక ఎవరో దగ్గారు. కురుమమ్మ ఆయనను పొడవలేదు, పక్కకు చూడలేదు, కొంగు సర్దుకుని నిలబడింది.

"ఈడనే," అన్నాడు. "నాలా పక్క బస్తీల. జైపాల్ ఇంట్ల కిరాయికి."

"ఎన్నేండ్ల సంది?"

"నీకు నడక రానప్పటి సంది."

రాసుకుంది. సంతకం చోటు చూపించింది. ఆయన ప్రతి అక్షరం దగ్గరా ఆగి, గోడ నిలువు చూసినట్టు చూసుకుని పెట్టాడు. తర్వాత కురుమమ్మ కూర్చుంది. అంబిక నోరు తెరవకముందే, "ఈడనే," అని, కలం అందుకుంది.

క్యాంపు అయ్యేసరికి ఎండ వాలింది. అంబిక కాగితాలు కట్ట కడుతుంటే కృష్ణయ్య బడి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఫోను మోగింది. ఈసారి చేతులు పొడిగానే ఉన్నా స్పీకరు పెట్టాడు.

"ఏమాయె కిట్టయ్యా? మాట లేకుండ పోతివి. నేను సారుతోని మాట్లాడిన. రేపటిదాక చూస్తనన్నడు."

"వొద్దు మొగులన్నా. ఈడ రాయించుకున్న."

అవతల ఊళ్లో ఎవరిదో ట్రాక్టరు పోతున్న చప్పుడు వచ్చింది. కృష్ణయ్య ఆ చప్పుడు పోయేదాకా విన్నాడు.

"మంచిగైంది," అన్నాడు మొగిలయ్య చివరికి. గొంతులో ఎప్పుడూ ఉండే ఎగతాళి లేదు. ఎవరో పెద్దమనిషితో మాట్లాడుతున్నట్టుంది. "మంచిగైంది తమ్మీ. అట్లనే ఉండాలె. అప్పుడప్పుడు వొస్తుండు. వొచ్చేటప్పుడు ముందుగాల ఒక ఫోన్ కొట్టు, కోడి కోసి పెడ్త."

"సరేనన్నా."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. అంబిక సంచి భుజాన వేసుకుని పక్కన వచ్చి కూర్చుంది.

"ఏమంటుండు మొగులు పెదనాయిన?"

"కోడి కోస్తడంట."

"మంచిదే గద నాయినా."

"మంచిదే," అన్నాడు కృష్ణయ్య. "ఇన్నేండ్లల్ల ఎన్నడన్న కోసిండా? పోతె, తిన్నవా అని గూడ అడగకపోతుండె. వాళ్లింట్ల ఉట్టి మీద రొట్టెలుండె, దించుకొని తింటుంటి."

కురుమమ్మ గేటు దగ్గర బస్తీ ఆడవాళ్లతో నిలబడి, పోదాం పదండని చెయ్యి ఊపుతోంది. ఆయన లేచి చొక్కా వెనక దుమ్ము దులుపుకున్నాడు.